పెరటి పుట్ట మన్ను

సరస్సు మీదనుంచి తడిగాలి తిరగగానే అవీనోకి నోరూరింది. వేయించిన చేపకు ఊరిందంటే ఓ అర్థముంది. ఆమెకు ఊరింది మన్నుకు.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మన్ను నమలడం ఆ ఊళ్ళో వింతేమీ కాదు. సంతలో టమాటాల పక్కనే మెత్తరాయి ముక్కలు కుప్పలు పోసి అమ్ముతారు. నాలుగు ముక్కలు కొరికి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. అవీనోది ఆ బాపతు కాదు. సంత రాయి ఆమెకు చప్పగా ఉండేది. ఇంటి వెనక జొన్నచేను గట్టున నడుమెత్తు చెదపుట్ట ఉంది. దాని మన్నే కావాలి, రోజుకు రెండు గుప్పెళ్ళు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి, నాలుక మీద ఎర్రపూత, నోరు తెరిస్తే కుళ్ళిన నేల కంపు. మొగుడు పడవెక్కి పోయి వారాల తరబడి సరస్సు మీదే ఉంటాడు గనక సరిపోయింది. పక్కన పడుకునేవాడైతే మొహం అటు తిప్పుకునేవాడు.

ఇది మూడో కడుపు. మొదటి రెండూ ఆరో నెల దాటకుండానే పోయాయి. ఇప్పుడు ఏడో నెల. ఈ ఒక్కటీ బతికి బట్టకడితే చాలని రోజూ ఏడ్చేది. ఏడుస్తూనే మన్ను తినేది.

"ఒంట్లో రక్తం నీళ్ళలా ఉందే తల్లీ," అంది ఆసుపత్రి నర్సమ్మ నెరీమా, ఆమె కింది రెప్ప లాగి చూసి. "ఇనుము మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా సిస్టర్."

"మన్ను?"

"మానేశా."

"మానేస్తే ఆ పళ్ళేంటి, ఇటుకబట్టీలాగా? నేనిచ్చే ఇనుమంతా ఆ మన్నే లాగేసుకుంటుంది. కడుపులో పురుగులు అదనం. ఇక బిడ్డకు మిగిలేదేంటి, నీ అబద్ధాలా?"

ఆ మాత్రలన్నీ అవీనో ఇంటి చూరులో దోపి ఉన్నాయి, ఒక్కటీ తగ్గకుండా.

ఆ పుట్టంటే ఆమె అత్త అపోండికి పడదు. వానలకు ఉసిళ్ళు లేస్తే ఊరంతా పుట్టల మీద దుప్పట్లు కప్పి, పట్టి, వేయించుకు తింటుంది. అపోండి అందరికంటే ముందు పరుగెత్తేది. పెరటి పుట్ట వైపు మాత్రం పోయేది కాదు. ఎందుకత్తమ్మా అని అడిగితే, "ఆ పుట్టవి చేదు," అని మాట తప్పించింది. అవీనో లోపల్లోపల నవ్వుకుంది. అంత తియ్యటి మన్ను ఆమె ఇంకెక్కడా తినలేదు మరి.

ఆ మధ్యాహ్నం అత్త సంతకు పోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అవీనో పెరట్లోకి జారుకుంది. మబ్బు కమ్మి మూడింటికే దీపాలవేళ అయింది. కోళ్ళు గూట్లో దూరాయి. గాలి ఆగిపోయింది. పుట్ట దగ్గర విరిగిన పాల వాసన వేస్తోంది.

నిన్న తను పగలగొట్టిన చోటు మళ్ళీ పూడింది. చెదలకది మామూలే. కానీ ఆ కొత్త మట్టి ముద్దగా, వెచ్చగా ఉంది. వేళ్ళతో పొడిస్తే చెయ్యి మణికట్టు దాకా దిగబడింది.

లోపల... ఏదో వేలు పట్టుకుంది.

కరవలేదు. కరవడం కాదది. తడి... చిగుళ్ళు. పళ్ళు లేని చిగుళ్ళు. చీకుతున్నాయి. ఆగి, ఊపిరి పీల్చుకుని... మళ్ళీ చీకుతున్నాయి.

అవీనో రొమ్ములు సలిపాయి. గౌను ముందంతా తడిసింది.

చెయ్యి లాగేసుకుంది. వేళ్ళ నిండా జిగురు, జిగురుకు అంటిన మన్ను. ఇంకెవరైనా అయితే కేక పెట్టి పరుగెత్తుతారు. ఆమె ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంది. చెప్పడానికే రోత పుడుతోంది, కానీ జరిగింది అదే. ఆకలి రుచెరగదంటారు. ఈ ఆకలి సిగ్గు కూడా ఎరగదు.

పళ్ళ సందున ఏదో ఇరుక్కుంది. లాగింది. దారం. ఇంకా లాగింది... వస్తూనే ఉంది. పేగుల్లోనుంచి వస్తున్నట్టుంది. చివరికి ఓ గుడ్డపీలిక ఊడి వచ్చింది. నానిపోయిన పసుపు, దాని మీద నీలం పువ్వు. నడుముకు చుట్టుకునే ఆమె లెసో గుడ్డ ముక్క అది. రెండో బిడ్డ పోయిన రోజు ఒంటి మీద ఉన్నది. పారేశానని అత్త చెప్పినది.

"ఏం తింటున్నావే?"

వెనక అత్త. చేతిలోనుంచి సంత బుట్ట జారిపడింది.

"అత్తమ్మా... ఇక్కడేముంది?"

"ముందు నోరు కడుక్కో."

"ఇక్కడ ఎవరున్నారు?"

అపోండి గొంతు గుసగుసకు దిగింది. "నెలలు నిండకుండా పోయినవాళ్ళని ఎక్కడ పెట్టామో తల్లికి చూపించకూడదే. చూస్తే మళ్ళీ కడుపు నిలవదు. పుట్ట మొదట్లో నేల మెత్తగా ఉంటుందని... ఇద్దర్నీ ఒకే చోట... నువ్వు సంత రాయి తింటున్నావనుకున్నానే! ఇది తింటావని నాకేం తెలుసు?"

అడుగున ఉన్నదాన్ని చెదలు పైకి మోసుకొస్తాయి. ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలిసిన సంగతే. అవీనో అక్కడే కూలబడి కక్కింది. ఎర్రగా, ముద్దలు ముద్దలుగా. ఆ ముద్దల్లో చెదలు ఇంకా పాకుతున్నాయి. కక్కుతూ కక్కుతూ, నాలుక చివర ఆ తీపి తగిలి, ఒక గుటక మళ్ళీ మింగింది. అది అత్త చూసింది.

తెల్లారగానే ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. రాత్రంతా అవీనో మన్ను ముట్టలేదు. చూరులోంచి మాత్ర తీసి మొదటిసారి మింగింది. అబద్ధాలన్నీ నర్సమ్మ ముందు ఒప్పేసుకుంది.

"తిట్టు సిస్టర్, కొట్టు. బిడ్డ ఉన్నాడా లేదా, అదొక్కటి చెప్పు."

నెరీమా బిడ్డ గుండె వినే చెక్క గొట్టం పొట్టకు ఆనించి చెవి పెట్టింది. చాలాసేపు. మెల్లగా ఆమె మొహం విచ్చుకుంది.

"ఉన్నాడు. గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఈసారికి గట్టెక్కావు పో."

అపోండి లెసో చెంగులో మొహం దాచుకుని భోరుమంది. నర్సమ్మ గొట్టం తియ్యబోయి, ఆగి, మళ్ళీ చెవి పెట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏంటే ఆ కరకర? నమలడం ఆపు, నన్ను విననీ."

అవీనో నోరు తెరిచి చూపించింది. నోట్లో ఏమీ లేదు.