చిల్లు లేని రేకు

సైన్యానికి నక్షాలు గీసే ఉద్యోగి శవం శుక్రవారం ఉదయం బ్రనో నగర శివారులో, రేసు దారి పక్క కాలవలో దొరికింది. ఏ కారో గుద్ది వెళ్లిపోయిందని పోలీసులు రాసుకున్నారు. గ్రాండ్ ప్రి కారు రేసు వారంలో అంతకన్నా సులువైన రాత లేదు.

గూఢచారి శాఖ కర్నల్ షిమెక్ నమ్మలేదు. ఏజెంట్ ఓతకార్ మాతల్‌ని పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా సంగతి చెప్పాడు. సరిహద్దు కొండల్లో కట్టిన కాంక్రీటు కోటల్లో ఒకదాని నక్షా శత్రువు చేతిలో పడింది. గాలి గొట్టాలు ఎక్కడ పైకి తేలతాయో అందులో ఉంది. అవి మూసేస్తే లోపలి రెండు వందల మందీ ఊపిరాడక చస్తారు.

"అందులో మీ తమ్ముడు లుద్విక్ ఒకడు. అసలు నిన్ను పంపకూడదు. కానీ పంపడానికి ఇంకెవడూ లేడు," అన్నాడు కర్నల్.

నక్షా ఇప్పుడు మైక్రోఫిల్మ్. పొరుగు దేశపు రేసు జట్టు రోట్‌ఫెల్స్‌తో ఆదివారం సాయంత్రం సరిహద్దు దాటబోతోంది. రేసు లారీలకు సీలు వేశాక ఎవరూ విప్పకూడదు. పైగా ఆ పెద్ద పొరుగువాడికి కోపం తెప్పించే దమ్ము ప్రభుత్వానికి లేదు. మిగిలిన చోటు ఒక్కటే, తూకం. కారు ఏడు వందల యాభై కిలోలు దాటకూడదు. గెలిచిన కారుని టైర్లు ఊడదీసి, పెట్రోలు వంపేసి మళ్లీ తూస్తారు. అభ్యంతరాల గడువు నాలుగున్నర దాకా ఆ కారు మీద పెత్తనం తూకం అధికారిది. ఏజెంటు కాకముందు ఎనిమిదేళ్లు రేసు మెకానిక్‌గా చేసిన మాతల్, పెట్టుడు మీసం అంటించుకుని ఆ అధికారి అయిపోయాడు.

ఆదివారం పొద్దున రోట్‌ఫెల్స్ జట్టుకి లాప్ టైములు పట్టే ఇర్మా రైషర్ కనిపించింది. మెడలో నక్క బొచ్చు కండువా, దాని మీద రెండు స్టాప్‌వాచీలు. అందులో ఒకటి కెమెరా. రెండు దేశాలకీ పనిచేసే మనిషి. ఏది తన దేశమో ఆమెకే తెలియదని మాతల్ చాలాసార్లు అనుకున్నాడు.

"గాలి ఎటు నుంచి?" అన్నాడు మాతల్.

"కొండ మీంచే." కోడ్ సరిపోయాక గొంతు తగ్గించింది. "ఫిల్మ్ కారులో ఉంది. ఎక్కడో తెలీదు. క్రెమ్స్ తన చేత్తోనే పెట్టాడు."

క్రెమ్స్ పేరుకి జట్టు మేనేజరు. అసలు సైన్యం మనిషి, రేసుల్లోకి కొత్తగా వచ్చాడు.

"దొరికాక నువ్వు ఇక్కడే ఉండిపో," అన్నాడు మాతల్.

"మా అమ్మ అక్కడుంది కదా. ఈ సంగతి క్రెమ్స్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు కనిపెడితే చెప్పిందెవరో వాడు ఆలోచించక్కర్లేదు."

"మరెందుకు చెప్పావు?"

"ఆ నక్షాలవాడు నన్ను నమ్మాడు, ఓతా. నాకు నిద్ర పట్టడం లేదు."

రోట్‌ఫెల్స్ గెలిచింది. ఎప్పుడు గెలవలేదు గనక. కారు తూకానికి వచ్చింది. ఏడు వందల నలభై తొమ్మిది. మాతల్ ఇంజను మూత కింద, ట్యాంకు వెనక, స్టీరింగు గొట్టంలో వెతికాడు. ఆఫీసు ఇచ్చిన పెన్ను టార్చి అవసరానికి వెలగలేదు. గంట నాలుగుంబావు దాటింది.

"ఏం సార్, ఇంకో కిలో ఎక్కడైనా దాక్కుందా?" అన్నాడు క్రెమ్స్. మెకానిక్‌లు నవ్వారు.

నాలుగు నిమిషాలుందనగా మాతల్ ఓడిపోయినట్టు కారు పక్కన చతికిలబడ్డాడు. పెడళ్లు, బ్రేకు కడ్డీ, సీటు కింది పట్టీలు, అన్నీ జల్లెడలా చిల్లులే. బరువు తగ్గించడం రేసు మెకానిక్‌ల జాతికి పిచ్చి. ఇనుము కనిపిస్తే డ్రిల్లు అందుకుంటారు. మాతల్ కూడా ఆ రోజుల్లో వంటింటి అట్లకాడకి చిల్లులు పొడిచి అమ్మచేత తిట్లు తిన్నాడు. అలాంటి కారులో, సీటు వెనక అరచేయంత రేకు ఒకటి నున్నగా ఉంది. ఒక్క చిల్లు లేదు. డ్రిల్లు పట్టిన వాడెవడూ దాన్ని అలా వదలడు.

తలెత్తాడు. కంచె అవతల ఇర్మా నిలబడి ఉంది. నోరు విప్పితే చచ్చేది ఆమె, విప్పకపోతే తమ్ముడు. ఆమె కానిమ్మన్నట్టు మెల్లగా తలాడించింది. ఆ సైగ కోసం ఆగినందుకు మాతల్ జన్మలో తనను తాను క్షమించుకోలేదు.

"ఆ రేకు విప్పండి," అన్నాడు. గడువుకి ఇంకా ఇరవై సెకన్లుంది.

రెండు రేకుల మధ్య ఫిల్మ్ దొరికింది. గోల జరగకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది, క్రెమ్స్‌ని ఎవరూ ఆపలేదు. ఇర్మాకి కారు తలుపు అతనే మర్యాదగా తెరిచి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. మాతల్ తూకం బల్ల మీద కూలబడి ఏడ్చాడు.

ఏడాది తిరిగింది. పెద్ద దేశాలు ఎక్కడో బల్ల చుట్టూ కూర్చుని, ఆ కొండల్ని కోటలతో సహా పొరుగువాడికి ఇచ్చేశాయి. తూటా పేలలేదు. లుద్విక్ రేకు పెట్టెతో ఇంటికొచ్చేశాడు. కోటలతో పాటు నక్షాలు కూడా అప్పగించాలని ఆర్డరు. ఆ కట్ట మోసుకెళ్లే పని మాతల్ మీదే పడింది.

పొరుగు సైన్యం ఆఫీసులో బల్ల వెనక క్రెమ్స్ ఉన్నాడు, ఈసారి యూనిఫారంలో. మాతల్ కట్ట పెట్టి, ఇర్మా ఎక్కడుందని అడిగాడు. క్రెమ్స్ కట్ట తాడు విప్పి, గాలి గొట్టాల కాగితం పైకి తీసి, తీరిగ్గా చూసుకున్నాడు.

"ఏం సార్, ఈసారి తూకం వెయ్యరా?" అన్నాడు.