అద్దం వెనక చేతులు

ఆ ఉదయం సమారా నగరం మీద ఆకాశం చెప్పిన మాట వినలేదు. ఎనిమిదింటికి మంచు కురిపిస్తామని వాతావరణ శాఖవారు ముందురోజే చాటించారు. వోల్గా నది గడ్డకట్టడం మానేసి ఒక తరం గడిచిపోయింది. ప్రపంచ పోటీలకు వచ్చిన అతిథులకు పాతకాలపు రష్యా చలికాలం ఒక్కపూటైనా చూపించాలని వాళ్ల ముచ్చట. మబ్బుల్ని తోలే యంత్రాలు వేకువనే ఎగిరి మందు చల్లి వచ్చాయి. అయినా మబ్బు నల్లగా కిందికి దిగి, మంచుకు బదులు సన్నటి తుంపర మొదలెట్టి, మొరాయించిన గేదెలా ఊరి మీదే నిలబడిపోయింది.

క్రీడాకారుల వసతిగృహంలో కిటికీ దగ్గర కూర్చుని తాస్య అరచేతుల్లో కాయలు కాసిన చోట గరుకురాయితో అరగదీసుకుంటోంది. కాయ మరీ ఎత్తుగా ఉంటే కడ్డీ మీద చీరుకుపోతుంది, మరీ పలచనైతే మండుతుంది. నాగలి పట్టేవాడికీ, కడ్డీ పట్టేవాడికీ ఆ లెక్క చేతికే తెలియాలి.

ఆమె పూర్తిపేరు తైసియా గ్రొమోవా. హెచ్చుతగ్గుల కడ్డీలు ఆమె ఆట. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పక్కపక్కన నిలిపిన ఆ రెండు కడ్డీల మీద ఊగుతూ, ఒకదాన్ని వదిలి గాల్లో తిరిగి రెండోదాన్ని అందుకోవాలి. దూలం మీద, నేల మీద తాస్య నలుగురిలో ఒకతె. కడ్డీ చేతికందితే మాత్రం నాలుగేళ్లుగా ఆమెను ఓడించినవాళ్లు లేరు.

తలుపు తట్టి పైడిరాజు లోపలికి వచ్చాడు. భుజాల మీద తుంపర.

"రండి అప్పలోవిచ్. మంచు ఏదీ? మీ శాస్త్రజ్ఞులంతా ఇంతేనా?"

"మబ్బులు నా శాఖ కాదమ్మా" అన్నాడు పైడిరాజు.

రష్యాలో పెద్దవాళ్లని పేరుకు తండ్రిపేరు చేర్చి పిలవడం మర్యాద. పైడిరాజుది విజయనగరం పక్క పల్లె, తండ్రి అప్పలస్వామి. ఆయన ఇక్కడి ప్రయోగశాలలో చేరిన వారానికే తాస్య శిక్షకురాలు రయీసా ల్వోవ్నా, "తండ్రిపేరు లేకుండా ఒక మనిషిని నేనెలా కేకెయ్యను?" అని అప్పలస్వామిని రష్యన్ చేసి, అప్పలోవిచ్ అని ఖాయం చేసేసింది. ఇప్పుడు జీతం ఇచ్చే యంత్రం కూడా అదే పేరుతో పిలుస్తుంది.

ఆయన కూర్చోలేదు. "రయీసా ల్వోవ్నాని ఇప్పుడే పరీక్ష చేసి వస్తున్నాను. గుండె లయ తప్పుతోంది. ఇవాళ నువ్వు కొత్త విన్యాసం చేస్తే ఆవిడ తట్టుకుంటుందో లేదో చెప్పలేను. పాతదే చెయ్యి. లేదంటే బిళ్ళ తీసేసి కొత్తది చెయ్యి. నీ భయం నువ్వే మోసుకో."

బిళ్ళ అంటే ఆయన కనిపెట్టిన భయవాహిని. మెదడులో అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంది. భయం పుట్టేది అక్కడ. మొదట్లో శాస్త్రజ్ఞులు దాన్ని అక్కడే నొక్కేశారు. కాని భయం ఎరగని వేళ్లు కడ్డీని బిగించి పట్టడం మరిచిపోయాయి, ఆటగత్తెలు సాధనలోనే పడి ఎముకలు విరగ్గొట్టుకున్నారు. భయాన్ని చంపకూడదు, ఇంకొకరికి ఎత్తించాలి అని గ్రహించినవాడు పైడిరాజు. ఆటగత్తె చెవి వెనక ఒక బిళ్ళ, మోసేవారి చెవి వెనక ఒక బిళ్ళ. ఇక్కడ పుట్టిన భయపు సిగ్నల్ అక్కడికి పోతుంది. అక్కడి మనిషి ఆ వణుకంతా పడి, "ఇప్పుడు పట్టుకో" అన్న ఒక్క ముక్కను తిప్పి పంపుతుంది. తాస్య భయాన్ని మోసేది రయీసా ల్వోవ్నా.

"పాతది చేస్తే పేరు రాదు" అంది తాస్య.

ఎవరూ చెయ్యని విన్యాసాన్ని ప్రపంచ పోటీలో మొదట చేసినవాళ్ల పేరే దానికి పెడతారు. మనిషి ముసలిదై పోయాక కూడా ఏ దేశంలోనో ఏ పిల్లో కడ్డీ ఎక్కి "గ్రొమోవా చేస్తున్నాను" అంటుంది. తాస్యకు కావలసింది అదే. ఇంకో ప్రపంచ పోటీ నాటికి భుజాలు సహకరించవని ఆమెకు తెలుసు.

"పోనీ బిళ్ళ తీసి చెయ్యి మరి."

తాస్య రాయి మీది పొడిని ఊదేసింది.

"ఆవిడకి అరవై నాలుగు, తల్లీ."

"ఆవిడే ఒప్పుకుంది కదా."

"నువ్వు అడిగావా?"

తాస్య రాయిని అరచేతి మీద ఇంకోసారి ఆడించింది. "ఈ ఒక్కసారే, అప్పలోవిచ్. ఆఖరిసారి."

పైడిరాజు ఆమె మొహం కేసి చూడకుండా కిటికీ కేసి చూసి, "సరే" అని వెళ్లిపోయాడు.

తాస్య ఆరేళ్ల పిల్లగా వ్యాయామశాలకు వచ్చిన రోజు నుంచి రయీసా చేతులు ఆమె కిందే ఉండేవి. కడ్డీల కింద నిలబడి, పిల్ల జారితే నడుం దగ్గర అందుకునే ఆ పనిని రష్యన్‌లో స్త్రఖోవ్కా అంటారు. స్త్రఖ్ అంటే భయం. పట్టుకునే చేతికీ భయానికీ వాళ్ల భాషలో ఒకటే వేరు. ఆ మాట మీద తాస్య చిన్నప్పుడు జోకులేసేది. "మీరు భయమా, చెయ్యా?" "నీకు చెయ్యి, నాకు భయం. ఎక్కు, కోతీ" అనేది రయీసా.

పదిహేడో ఏట తాస్య పడింది. రయీసా అందుకుంది కాబట్టి మెడ మిగిలింది, మోచెయ్యి పోయింది. మోచెయ్యి అతుక్కుంది కాని, ఆ తరవాత కడ్డీ వదలాల్సిన క్షణంలో వేళ్లు ఊడిరాలేదు. మనసు వదులు వదులంటుంది, వేళ్లు పిల్లి గోళ్లలా పాతుకుపోతాయి. జట్టులోంచి తీసేస్తారన్నప్పుడు పైడిరాజు బిళ్ళలతో వచ్చాడు. పెట్టుకున్న మొదటి రోజే తాస్య వదిలింది, ఎగిరింది, పట్టుకుంది. నేల మీదికి దిగి చూస్తే రయీసా చేతులు గడగడా వణుకుతున్నాయి. "పనిచేస్తోంది!" అని పైడిరాజు చప్పట్లు కొట్టాడు.

వణికే చేతులు ఎవరినీ పట్టలేవు కనక, మోసేవారు కడ్డీలకు దూరంగా అద్దాలగదిలో కూర్చోవాలని క్రీడా సమాఖ్య నియమం పెట్టింది. కడ్డీల కిందికి యంత్రపు వల వచ్చింది. రయీసా చేతులు అద్దం వెనక్కి పోయాయి.

అక్కణ్ణించి తాస్యకు అడ్డులేదు. యూరప్ పతకం, ఆపైన ప్రపంచ పతకం, మళ్లీ ఇంకోటి. తోటివాళ్లు కడ్డీ వదిలి అందుకునే కష్టమైన విన్యాసం ఒకటి చేసి గుక్క తిప్పుకునే వేళకి తాస్య మళ్లీ కడ్డీ కింద ఉండేది. అలుపు తనది, భయం తనది కాదు. ఎవరి ఎద్దో కట్టుకుని దున్నేవాడికి ఎన్ని చాళ్లు దున్నినా ఇంకొకటి అనే ఆశ. ఒక పోటీ అయ్యాక నడవాలో రయీసా గోడ పట్టుకుని అడుగులు వేస్తూ రావడం చూసింది. చూసి, బూటు తాడు కట్టుకోవడానికి వంగింది. తాడు ఊడలేదు. రయీసా దాటిపోయేదాకా అలాగే వంగి ఉంది.

ఆ మధ్యాహ్నం క్రీడామందిరం నిండిపోయింది. తాస్య పట్టీలు బిగించుకుని, పట్టు జారకుండా కడ్డీకి కాస్త తేనె రాసి, దాని మీద సుద్ద అద్దింది. యంత్రాలు రాకముందటి పాత అలవాటు అది, రయీసా నేర్పింది. అద్దాలగదిలో రయీసా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ చెవి వెనక చిన్న పచ్చదీపం వెలుగుతోంది. పక్కన పైడిరాజు నిలబడి ఉన్నాడు.

గంట మోగింది. తాస్య పొట్టి కడ్డీ అందుకుని, ఊగి, పొడుగుదాని మీదికి మారింది. ఒకటి, రెండు పెద్ద చుట్లు. మూడో చుట్టులో అద్దం తలకిందులుగా కంటికి తగిలింది. అందులో రయీసా ముందుకు వంగి, రెండు చేతులూ అద్దానికి ఆనించి ఉంది. ఆవిడ బిళ్ళ తీసేయమందాం అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినా వేళ్లు హాయిగా విడిపోయాయి. ఒళ్లు ముడుచుకుని రెండుసార్లు తిరిగి, ఒకసారి మెలితిరిగి, వెనక్కి చూడకుండానే కడ్డీని అందుకుంది. కడ్డీ చేతిలో ఠంగుమని పలికింది. దిగడంలో ఒక్క అడుగు కూడా కదలలేదు.

తీర్పరి యంత్రం పాయింట్లు చెప్పి, ఆ విన్యాసానికి "గ్రొమోవా" అని పేరు నమోదయిందని ప్రకటించింది. జనం లేచారు. తాస్య అద్దాల కేసి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

నడవాలో పైడిరాజు ఎదురయ్యాడు. "వైద్యులు చూస్తున్నారు. వాంతి అయింది. ప్రాణభయం లేదు" అని, గుప్పిట తెరిచి ఒక బిళ్ళ చూపించాడు. మూత ఊడదీసి ఉంది. లోపలి రాగితీగె పొడవునా పచ్చటి చిలుం, వాడని ఇత్తడిచెంబుకి పట్టినట్టు.

"ఏమిటిది?"

"రయీసా ల్వోవ్నాది. పొద్దున నీ దగ్గర్నుంచి వెళ్లి, బ్యాటరీ మారుస్తానని చెప్పి దీన్ని తీసేసుకున్నాను. ఉత్త దీపం వెలిగే డొల్ల బిళ్ళ పెట్టాను. నువ్వు ఆపవు, ఆవిడ ఆపనివ్వదు. ఏం చెయ్యను?"

తాస్య చెయ్యి తన చెవి వెనక బిళ్ళ మీదికి పోయింది. "అంటే ఇందాక నా భయం ఎక్కడికి పోయింది?"

"ఆగు. నేనూ అదే భయంతో ఛస్తూ ఉన్నాను, పట్టు తప్పితే ఏమవుతుందోనని. ఊరికే ఉండలేక దీన్ని విప్పాను. ముద్ర వేసిన బిళ్ళ, విప్పకూడదు. విప్పితే ఇది. చెమట దిగి తీగె తెగిపోయింది. చిలుం దళసరి చూస్తే పెట్టిన మొదటి వేసవిలోనే పోయినట్టుంది. దీపానిది వేరే దారి, అందుకే వెలుగుతూ వచ్చింది."

"నాలుగేళ్లా?"

"ఇంచుమించు." పైడిరాజు గుప్పిట మూసేశాడు. "ఆవిడ చేతులు వణకడమే చూశాను. వణుకుతున్నాయి కనక పనిచేస్తోంది అనుకున్నాను. ఇంకేమీ చూడలేదు. సిగ్గుగా ఉందమ్మా."

"నేనెలా వదిలాను మరి?"

ఆయన ఆ బిళ్ళను జేబులో వేసుకున్నాడు. తాస్యకు అర్థమైంది. ఇన్నేళ్లూ తన వేళ్లను విడదీసింది ఏ సిగ్నలూ కాదు. తన బదులు ఇంకొకరు పడుతున్నారులే అన్న నమ్మకం. అది చాలింది తనకి. ఇవాళ కూడా చాలింది.

వైద్యుల గదిలో రయీసా మంచం అంచున కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ పుదీనా నీళ్లు తాగుతోంది. మొహం సుద్దలా ఉంది. తాస్యను చూసి, "చివర్లో మోకాళ్లు విడిపోయాయి. యంత్రం చూడలేదు, నేను చూశాను" అంది.

"రయీసా ల్వోవ్నా, బిళ్ళ పనిచెయ్యలేదట. మొదటి వేసవి నుంచీ."

"తెలుసు."

తాస్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నీ భయమే అయితే నువ్వు కడ్డీ ఎక్కినప్పుడు రావాలి, దిగితే పోవాలి. నాకు నువ్వు బస్సెక్కినప్పట్నుంచీ మొదలయ్యేది. నిద్రలో కూడా ఉండేది. అది నీదెలా అవుతుంది, పిల్లా? నా సొంతం."

"కాని ముందు... కింద నిలబడ్డప్పుడు మీ చేతులు ఇలా వణికేవి కాదు."

"కింద ఉంటే చేతులకి పనుండేది." రయీసా వాటిని తిప్పి చూసుకుంది. "అద్దం వెనక కూర్చోబెట్టారు. పనిలేని చేతులు వణక్క ఏం చేస్తాయి?"

"చెప్పొచ్చు కదా! ఒక్క మాట చెబితే..."

"చెబితే నువ్వు భయపడవూ?"

తాస్య నోరు తెరిచింది. క్షమించమనడానికైనా ముందు ఏం చేసిందో చెప్పాలి. ఊడని బూటు తాడు గురించి చెప్పాలి. పొద్దున అప్పలోవిచ్‌తో అన్న మాట చెప్పాలి. రయీసా ఆమె కళ్లలోకి కాసేపు చూసి, చెప్పక్కరలేదన్నట్టు మంచం దిగింది.

"అప్పలోవిచ్ ఏడీ? పిలు. పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ లేదు."

క్రీడామందిరం వెనక చిన్న భోజనశాల. బయట తుంపర ఆగలేదు. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. తాస్య పతకాన్ని మెడలోంచి తీసి ఎక్కడ పెట్టాలో తెలియక కోటు జేబులో కుక్కేసింది. పక్కబల్ల పిల్లలెవరో "గ్రొమోవా, గ్రొమోవా" అనుకుంటున్నారు. ఆమె తల తిప్పలేదు.

నదిచేప పులుసు పొగలు కక్కుతూ వచ్చింది, నల్లరొట్టె వచ్చింది. పైడిరాజు రొట్టె తుంచి ముగ్గురి ముందూ పెట్టాడు. రయీసా తన గిన్నెలోంచి చేపముక్క తీసుకుని, ఇంకా సన్నగా అదురుతున్న వేళ్లతో ఒక్కొక్క ముల్లే ఏరి పళ్లెం అంచున పెట్టింది. చాలాసేపు పట్టింది. ముళ్లన్నీ తీసిన ముక్కను తాస్య గిన్నెలో వేసి, తను రొట్టె అందుకుంది.

తాస్య తల వంచుకుని ఆ ముక్క తిన్నది. రయీసా ఇంకో ముక్క తీసుకుంది.