దండెం మీద లేని చొక్కా

టిక్కర్స్ కోవ్ అనే సముద్రపొడ్డు పల్లెలో గాలి ఆగిన రోజు లేదు, ఫిలొమీనా నోరు ఆగిన రోజూ లేదు. ఆ గురువారం పొద్దున మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది, దండెం మీద క్లిప్పు పెట్టబోతూ గాల్లోనే. బుట్ట ఖాళీ. మొగుడు క్లెమ్ సాయంత్రం విమానం దిగుతాడు. వచ్చేలోగా అతని ఉన్ని బట్టలు గాలికి ఆరేసి ఉంచడం ఆమె అలవాటు. కానీ ఎర్ర నల్ల గళ్ళ చొక్కా ఏదీ? పోయినసారి బూడిదరంగుది మాయమైంది. అంతకుముందు నీలం స్వెట్టరు. ఉన్న ఉన్నివన్నీ ఉన్నట్టుండి లేకుండా పోతున్నాయంటే, ఉన్నదేదో ఉందన్నమాట!

క్లెమ్‌ది దేశం అవతలి వైపున్న అల్బెర్టా చమురు బావుల దగ్గర పని. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. న్యూఫౌండ్‌లాండ్ తీరమంతా ఇదే తంతు. మగవాళ్ళకి సగం కాపురం, ఆడవాళ్ళకి సగం కాపలా.

"ఏంటి మరదలా, గాలికి గడ్డకట్టుకుపోయావా?" కంచె అవతల నుంచి క్లెమ్ అక్క గెర్టీ కేకేసింది.

"మీ తమ్ముడి చొక్కాలు నడిచిపోతున్నాయి వదినా."

"నడవడమేంటి, విమానమెక్కి ఎగిరిపోతుంటే! పై ఊరి లెస్టర్ సంగతి విన్నావా, అక్కడికే పనికెళ్ళేవాడు? ముందు సాక్సులు పోయాయి. తర్వాత కోటు పోయింది. ఆ తర్వాత లెస్టరే పోయాడు."

"అయ్యో, పోయాడా?"

"చావలేదే తల్లీ! అల్బెర్టాలో ఇంకొకత్తె ఇంటికి పోయాడు. మా తమ్ముడు అలాంటివాడు కాదనుకో. లెస్టరూ కాదనే అనుకున్నాం."

అనుమానం ఎండబెట్టిన చేపలాంటిది. ఒకసారి ఇంట్లో అడుగుపెట్టాక ఎన్ని కిటికీలు తెరిచినా వాసన పోదు. ఫిలొమీనా ఆ వాసనతోనే లోపలికొచ్చింది. వంటింట్లో కూతురు బ్రిడీ నిలబడే టౌటన్ అనే వేయించిన రొట్టె ముక్క మొలాసిస్ పాకంలో ముంచి నోట్లో కుక్కుకుంటోంది. పన్నెండో తరగతి. పొద్దున్నే బస్సు, మధ్యలో లాబ్, సాయంత్రం బాస్కెట్‌బాల్. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చే పిల్ల.

"నిన్నటిదాకా ఉబ్బిన సంచి ఇవాళ చప్పబడిందేం?"

"నిన్న కెమిస్ట్రీ ఉందమ్మా."

"కెమిస్ట్రీ అంత మెత్తగా ఉంటుందా? నొక్కి చూశాలే!"

బ్రిడీ నమలడం ఆపింది. "ఆట బట్టలు కూడా ఉన్నాయి."

"మరి వేలి మీద ఆ బొబ్బ?"

"బంతి తగిలింది. బస్సొచ్చింది, వెళ్తున్నా!"

బస్సు రాలేదని ఫిలొమీనాకి తెలుసు. కిటికీలోంచి రోడ్డు కనబడుతూనే ఉంది. అంటే పిల్లకీ తెలుసా? తండ్రి చొక్కాలు ఈ పిల్లే సంచీలో మోసి ఎవరికైనా అందిస్తోందా? తండ్రీకూతుళ్ళ కుట్ర కాదు కదా!

ఆ రోజంతా ఆమె ఇల్లు జల్లెడపట్టింది. అలమారా, పెట్టెలు, కోటు జేబులు, చివరికి షెడ్డు కూడా. షెడ్డులో అత్తగారి పాత చెక్క చట్రం ఉండాల్సిన చోట ఖాళీ. దాన్ని రెండు చలికాలాల కిందట అక్కడ పడేసింది తనే. బ్రిడీ చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూచుని ఆ చట్రానికి గోనెపట్టా బిగించి, పాత ఉన్ని బట్టలు పీలికలు చేసి, కొక్కెంతో కన్నాల్లోంచి పైకి లాగి గుమ్మాల్లో పరిచే కాళ్ళపట్టాలు చేసేది. ముసలావిడ పోయాక కూడా పిల్ల వదల్లేదు. మార్కులు తగ్గేసరికి ఫిలొమీనా, "పట్టాలు చేస్తూ కూచుంటే కాలేజీ పట్టా ఎవడిస్తాడే?" అని చట్రం లాక్కుని షెడ్డులో పడేసింది. పిల్ల ఏడవలేదు. ఆ తర్వాత కొక్కెం మాటే ఎత్తలేదు. అది బుద్ధి రావడమని అప్పట్లో ఆమె సంతోషించింది.

'చట్రం కూడా అమ్మేసుకున్నారా!' అనుకుంటూ వెనక వసారాలోకొచ్చి, బోర్లా పరిచిన పట్టా మీద బూట్లు కసిగా రుద్దింది. ఆ కోవ్‌లో పట్టాలన్నీ మామూలు రోజుల్లో బోర్లానే ఉంటాయి. ఆదివారమో, ఫాదర్ వచ్చినప్పుడో బొమ్మ పైకి తిప్పుతారు. బురదంతా వెనక వైపుకి, మర్యాదంతా ముందు వైపుకి.

సాయంత్రం క్లెమ్ వచ్చాడు, చిన్న సంచీతో, పెద్ద నవ్వుతో. ఫిలొమీనా వసారాలోనే అడ్డంగా నిలబడింది, పట్టా మధ్యలో.

"వచ్చావా? ఈసారి వట్టి చేతులేనా, చొక్కాలు ఎవరి అలమారాలో వేలాడుతున్నాయి?"

"లోపలికి రానిస్తావా, ఇక్కడే విచారణా?"

"నీలం స్వెట్టరు. బూడిదరంగు చొక్కా. ఎర్ర గళ్ళది. ఎవత్తె క్లెమ్ అది? పేరు చెప్పు చాలు."

క్లెమ్ నవ్వు ముఖం మీంచి మెల్లగా జారిపోయింది. సంచి కింద పెట్టాడు. "అవి నువ్వే ఎవరికో ఇచ్చేస్తున్నావనుకున్నాను, ఫిల్."

"నేనా?"

"వచ్చిన ప్రతిసారీ అలమారాలో నావి కొన్ని తగ్గుతున్నాయి. అడుగుదామనుకుని భయపడ్డాను. ఈయన ఎలాగూ ఉండడు, ఈయన లేని ఇంటికి ఇప్పట్నుంచే అలవాటు పడదామని నన్ను కొద్దికొద్దిగా ఖాళీ చేస్తున్నావేమోనని..." క్లెమ్ వంగి బూటు లేసు విప్పసాగాడు. "అక్కడ క్యాంపు గదిలో పడుకుని చొక్కాల గురించి ఏడ్చిన వెధవని నేనొక్కణ్ణే అయ్యుంటా."

ఫిలొమీనా నోరు తెరిచింది. మాట మాత్రం క్లెమ్ వెనకనుంచి వచ్చింది.

"అమ్మా, ముందు నాన్న మీంచి దిగు."

ప్రాక్టీసు నుంచి అప్పుడే వచ్చిన బ్రిడీ గుమ్మంలో నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళు. తల్లి దిగింది. పిల్ల వంగి, ఒక మూల మీద పెట్టిన తడిబూట్ల పళ్ళెం పక్కకి జరిపి, పట్టా తిప్పింది.

పట్టా మీద తమ ఇల్లు. వెనక బూడిదరంగు కొండ, నీలం సముద్రం. గుమ్మంలో ఎర్ర నల్ల గళ్ళ చొక్కాలో ఒక మగమనిషి, ఎక్కడికీ వెళ్ళనట్టు నిలబడి ఉన్నాడు. పెరట్లో దండెం. దాని పక్కన మాత్రం బూట్ల పళ్ళెం దాచిన చోట బొగ్గుతో గీసిన ఆడమనిషి ఆకారం, లోపలంతా వట్టి గోనె.

"లంచ్ టైములో స్కూల్లో కుట్టుపని గదిలో చేశాను. చట్రం టీచర్ దాచిపెట్టింది. పరీక్షలని గది ఖాళీ చేయమంటే నిన్న ఇంటికి తెచ్చి, పాత పట్టా చోట బోర్లా పరిచా. ఎక్కడ పెట్టినా వెతుకుతావు, కాళ్ళకింద మాత్రం చూడవని తెలుసు," అంది బ్రిడీ ముక్కు తుడుచుకుంటూ. "కొత్త గుడ్డ గోనెలో నిలబడదు, తొడిగి తొడిగి మెత్తబడ్డదే కావాలనేది నాయనమ్మ. అందుకే నాన్నవి తీశా. నాన్న సగం రోజులే ఉంటాడుగా. పట్టాలోనైనా పూర్తిగా ఉంటాడని."

"చదువు?" ఫిలొమీనా గొంతులో పాత కరుకు లేదు.

"అది మానేశాకే చదువు ఎక్కలేదమ్మా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు కొక్కెం లాగుతూ ఫార్ములాలు వల్లిస్తా. మొన్న కెమిస్ట్రీ మార్కులు చూశావుగా."

చూసింది. కాపీ కొట్టిందేమోనని అనుమానపడింది కూడా.

"మరి నన్నెందుకు వట్టి గోనెగా వదిలేశావే?"

"నీ అలమారా ముట్టుకునే ధైర్యం ఎవరికుంది?"

క్లెమ్ ఫక్కున నవ్వి వెంటనే దగ్గు నటించాడు. ఫిలొమీనా మేడమీదికి వెళ్ళింది. కుట్ర అని తను పసిగట్టినదంతా కుట్టుపని గదిలో ఒక పిల్ల తిండి మానుకుని చేసిన కాపురం మరమ్మతు! పెళ్ళయిన కొత్తలో తొడిగిన ఆకుపచ్చ ఉన్ని కోటు అలమారా అడుగునుంచి లాగింది. క్లెమ్ పక్కన పడవలో కూచుని ఈ కోవ్‌కి కాపురానికొచ్చిన కోటు. ముఖానికి అదిమిపెట్టుకుని కాసేపు ఏడ్చి, కిందికొచ్చి కూతురి ఒళ్ళో పడేసింది.

"ఇది మెత్తబడింది. నేనూ మెత్తబడ్డాలే. కోసెయ్."

"అమ్మా, ఇది నీ..."

"కోసెయ్యమన్నానా! చట్రం వంటింట్లోనే ఉంటుంది ఇక. లంచ్ మాత్రం తిను. ఇంకోటి, నన్ను లావుగా చేశావో, చూడు మరి!"

"ఉన్నదున్నట్టు చెయ్యమంటే ఒక కోటు చాలదేమో," అన్నాడు క్లెమ్. ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

క్లెమ్ మళ్ళీ బయల్దేరే ముందురోజు, ఒక బుధవారం, గెర్టీ వసారాలోకి అడుగుపెట్టబోయి ఆగిపోయింది. పట్టా వెల్లకిలా పరిచి ఉంది. దండెం పక్కన ఆకుపచ్చ కోటులో ఒకావిడ, సన్నగా.

"బుధవారం పూట బొమ్మ పైకి తిప్పారేంటే మరదలా? ఎవరొస్తున్నారు, బిషప్పా?"

"ఎవరూ రావక్కర్లేదు వదినా," అంది ఫిలొమీనా. "ఉన్నవాళ్ళం చాలు."

గెర్టీ పట్టా వైపు చూసి, గుమ్మం బయటే బూట్లు విప్పింది.