గంట మోగని సభ

"ఈసారి ఎక్కడి నుంచి దూకాలి బాస్? హెలికాప్టరా, జలపాతమా?"

"ఎక్కడా దూకొద్దు. చట్టసభలో ఒక బిల్లు పాసయ్యేదాకా కాపలా కాయి."

ఏజెంట్ పిల్లికి ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. మొసలి నోట్లో చెయ్యి పెట్టి, దాన్ని నిద్ర లేపకుండానే మైక్రోఫిల్మ్ లాక్కొచ్చిన మొనగాడికి ఇదా పని!

"నువ్వు పట్టుకొచ్చిన విదేశీ ముఠా నాయకుడు నక్కని ఏ చట్టం కింద లోపలేశామో, దాని గడువు ఇవాళ్టితో సరి," అన్నాడు బాస్. "పొడిగింపు బిల్లు పాసవకుండా సభ సెలవులకి పోతే వాడు బయటికొస్తాడు. రాగానే ముందు మీ ఇంటికే వస్తాడట."

తెల్ల యూనిఫాం, అంటించిన మీసంతో పిల్లి మార్షల్ వేషం కట్టాడు.

పొద్దున బిల్లుదే మొదటి వంతు. ఇంతలో ఒక సభ్యుడు లేచి క్యాంటీన్ కాఫీ చల్లారిపోతోందన్నాడు. దానిమీదే మధ్యాహ్నమైంది. తర్వాత ఇంకొకాయన, మైకు తనని చూసి గురక పెడుతోందని అలిగాడు. లేచినవాడల్లా బిల్లుని వెనక్కి తోసేవాడే.

"సార్, మా బిల్లెప్పుడు?" ఎజెండా ఆఫీసర్ చెవిలో గొణిగాడు పిల్లి.

"ఇవన్నీ అయ్యాక బాబూ."

"ఇవన్నీ ఎప్పుడవుతాయి?"

"అది తెలిస్తే నా జుట్టు ఇలా ఎందుకుంటుందయ్యా?" అంటూ ఆయన బట్టతల తడుముకున్నాడు.

పిల్లి పళ్లు నూరాడు. పెన్నులో తుపాకీ, బూటులో కత్తి ఉన్నాయి. మాట్లాడేవాడి నోరు మూయించే గాడ్జెట్ మాత్రం డిపార్ట్‌మెంట్ ఇంకా కనిపెట్టలేదు.

సాయంత్రం నల్లకళ్లద్దాల సుందరి ఒకతె పక్కనుంచి పోతూ ఆగింది. "గొడుగు తడిసింది."

"ఎండలో ఆరేశాను," కోడ్ పలికాడు పిల్లి. ఆవిడ డబుల్ ఏజెంట్ నెమలి. ఇక్కడ అనువాదకురాలి వేషంలో ఉంది.

"సభ్యుల్ని సభకి పిలిచే క్యాంటీన్ గంట తీగ తెగింది. నేనే కోశాను."

"నువ్వా!"

"ముఠా జీతం కూడా తీసుకుంటున్నాగా, కాస్తయినా పని చెయ్యొద్దూ? నీకు చెప్పడం మీ జీతానికి."

సరిగ్గా అప్పుడే బిల్లు వంతు వచ్చింది. స్పీకర్ తలెత్తి చూస్తే బెంచీలన్నీ ఖాళీ. ఊళ్లకి పోవడానికి సూట్‌కేసులు సర్దుకుని అందరూ క్యాంటీన్‌లో ఉన్నారు. "కోరం లేదు, సరిపడా సభ్యులు లేరు. గంట కొట్టండి. సభ్యులు రాకపోతే సభ ముగిసినట్టే."

బంట్రోతు మీట నొక్కాడు. క్యాంటీన్‌లో గంట కిక్కురుమనలేదు.

పిల్లి ఒక్క పరుగున క్యాంటీన్‌లో పడ్డాడు. "అయ్యా, కోరం! బిల్లు!"

"గంట కొట్టలేదు కదయ్యా. కొడితే వస్తాంలే," అన్నాడు ఒక పెద్దాయన, బిస్కెట్టు ముంచుకుంటూ.

పిల్లికి ఏడుపొక్కటే తక్కువ. జేబులు తడుముకుంటే కెమెరా తగిలింది. అంతే, గొంతు చించుకున్నాడు. "సెలవుల ముందు గ్రూప్ ఫోటో! హాల్లోనే! ముందు వరసలో చోటు తక్కువ!"

కప్పులు పగిలాయి. సూట్‌కేసులు దొర్లాయి. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన ఆ కర్ర చంకలో పెట్టుకుని అందరికంటే ముందు ఉరికాడు. గుమ్మంలో ఇరుక్కున్నవాళ్లని పిల్లి భుజంతో లోపలికి తోశాడు.

సగం లేచిన స్పీకర్ మళ్లీ కూలబడ్డాడు. "కోరం ఉంది! బిల్లుకి అనుకూలంగా ఉన్నవాళ్లు?"

"అవును!" అన్నారందరూ తల దువ్వుకుంటూ, కెమెరా వైపు పళ్లికిలిస్తూ.

స్పీకర్ సుత్తి పడింది. దాని వెనకే గడియారం సభ ముగిసే గంట కొట్టింది.

మర్నాడు బాస్‌కి పిల్లి నుంచి ఫోనొచ్చింది.

"శభాష్ పిల్లీ! నక్క లోపలే ఉన్నాడు. ఇంకేం భయం?"

"ఆ కెమెరాలో ఉండేది ఫిల్మ్ కాదు బాస్, తూటాలు. సభ మొత్తం ఫోటోల కోసం నా వెంట పడింది. నక్క పక్క గది ఖాళీగా ఉందా?"