అంకెలు తెగిన చోటు

కొల్లేట్లో కాకిమొగ అని ఒక చోటుంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ పడవ ఆపరు. ఎందుకాపరని అడిగితే ముసలివాళ్లు సైతం నోట్లో చుట్ట అటూ ఇటూ తిప్పి... మాట మార్చేస్తారు.

రెండువేల ఐదు వానల్లో ఓ రాత్రి సరిగ్గా అక్కడే మునీర్ ఎక్కిన పడవ ఆగింది.

మునీర్‌ది ఏలూరు. ఆ ఎండాకాలమే చేత్తో జీపీఎస్ పట్టుకుని లంక ఊళ్లన్నీ తిరిగాడు. ఏ ఇల్లు ఎక్కడుందో కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు వరదొచ్చింది. ఊరికి దూరంగా, చేపలచెరువు గట్టు మీద యోసేపు ఇల్లు. అతని భార్య స్టెల్లాకి నెలలు నిండాయి. ఇద్దర్నీ ఎలాగైనా బయటికి తేవాలి. గట్లన్నీ మునిగాయి, ఒక్క గుర్తూ మిగల్లేదు. కంప్యూటర్‌లోంచి తెచ్చుకున్న ఆ అంకెలే దిక్కు.

"వచ్చేశామండీ" అన్నాడు మునీర్, జీపీఎస్ తెర చూసి.

పడవ నడిపే వరదానం గెడ దించాడు. అడుగు అందలేదు. టార్చి వేస్తే... నీళ్లు. చుట్టూతా నల్లటి నీళ్లు.

"బాబూ... ఇది కాకిమొగండీ." వరదానం గెడ గబుక్కున పైకి లాగేశాడు. "వెనక్కి తిప్పేస్తానండీ."

"ఒక్క నిమిషం..."

మునీర్ తెర మీద అంకెలు మళ్లీ చూశాడు. అక్షాంశంలోనూ, రేఖాంశంలోనూ చుక్క తర్వాత రెండంకెలే. ఆ పైన అన్నీ సున్నాలే! వేసవిలో తను ఆరంకెల దాకా కొలిచాడు. కంప్యూటర్ రెండే ఉంచుకుని మిగతావి కోసి పారేసింది. ఆ కోతకి, ఉన్న ఇల్లు కాస్తా ఇంచుమించు కిలోమీటరు జరిగిపోయింది.

కోస్తే అంకె తగ్గుతుందే గానీ పెరగదు. ఇక్కడ ఉత్తరానికి, తూర్పుకి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. అంటే అసలిల్లు ఇక్కడికి ఉత్తరంగా, తూర్పుగా ఉండాలి.

"ఈశాన్యానికి పోనివ్వండి!"

వరదానం తెడ్డు అందుకున్నాడు. కొంత దూరం వెళ్లారో లేదో, చీకట్లోంచి ఆడగొంతు. మెల్లగా...

"ఇంకా ఇటండీ..."

"స్టెల్లమ్మేనండీ!" వరదానం ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ గొంతు వెంబడే వెళ్లారు. నీళ్లలో ఇంటి కప్పు తేలినట్టు కనిపించింది. దాని మీద పెళ్లాన్ని గుండెకి ఆనించుకుని యోసేపు. నొప్పులకి స్టెల్లా పళ్లు బిగబట్టి మెలికలు తిరిగిపోతోంది.

"మీరు పిలవబట్టి సరిపోయిందమ్మా" అన్నాడు మునీర్.

"మేమెక్కడ పిలిచామండీ?" అన్నాడు యోసేపు. "ఈ గాలిలో పిలిస్తే మాత్రం ఎవరికి వినపడుద్ది?"

స్టెల్లాని పడవ మధ్యలో పడుకోబెట్టారు. యోసేపు డిప్పతో నీళ్లు తోడుతున్నాడు. వరదానం తెడ్డు వేస్తున్నాడు. మునీర్ ముందు కూర్చుని టార్చి పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు...

తెల్లారేసరికి ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

చూడ్డానికి వచ్చిన మునీర్‌ని చూసి స్టెల్లా నీరసంగా నవ్వింది. అతని వెనక, తలుపు వైపు చూసింది.

"ఆవిడ రాలేదాండీ?"

"ఎవరమ్మా?"

"అదేనండీ... పడవలో దారంతా నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ. చీరంతా తడి... చెయ్యి మంచుగడ్డలా ఉంది. పాపం, ఏ ఊరావిడండీ?"