ప్యాంటు మడిచిన కారు

"చెయ్యి తియ్యండి మేడం."

ఆమె ఉలిక్కిపడింది. తను గీసిన కారు, తను ఎంచిన రంగు, దాని బానెట్ మీద తను చెయ్యి వేస్తే తియ్యమనేవాడెవడా అని తల తిప్పి చూసింది. పాలిష్ గుడ్డ పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు.

"ఈ కారు ఎవరు డిజైన్ చేశారో తెలుసా మీకు?"

"తెలీదండి. పాలిష్ మాత్రం నేనే పట్టాను. ఇంకా ఆరలేదు."

చెయ్యి తీసి చూసుకుంది. అరచేయంతా తెల్లటి మైనం. బానెట్ మీద ఐదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. అతను మారు మాట్లాడకుండా గుడ్డ అందించాడు. ఈవిడగారు గాభరాలో ఆ గుడ్డతో బానెట్ తుడవబోయింది.

"అది చేతికండి. దానికి వేరే గుడ్డ ఉంది."

చుట్టూ ఉన్న మెకానిక్కులు నవ్వు ఆపుకోలేక బండ్ల కిందికి దూరిపోయారు. వాళ్ల పరిచయం అలా తగలడింది.

ఆ కంపెనీకి అన్నం పెట్టే బండి అది. ఇంటిల్లిపాదీ కూర్చుని వెళ్లే సెడాన్. పాత మోడల్‌కి ఉన్న రూపమంతా మార్చి కొత్తగా దింపుతున్నారు. ఆ రూపం గీసిన వాళ్లకి ఆమే పెద్ద, వయసులో మాత్రం అందరికన్నా చిన్నది. వర్క్‌షాపులో ఆమెను గీతల మేడం అనేవాళ్లు. ఇక అతని పేరు సైలెన్సర్. నోరు విప్పితే ఏం కరిగిపోతుందో ఏమో, అవసరమైతే తప్ప మాట్లాడడు. ప్రదర్శనకి వెళ్లే బండిని తయారుచేసే పని అతనిది. అందుకని ఆమె రోజూ అక్కడికి రావలసి వచ్చేది. కొన్నాళ్లకి అవసరం లేకపోయినా రావడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఉంటే అతనే కదిపాడు.

"ఒకటి అడగొచ్చా మేడం?"

"మీరు మాట్లాడతారా?"

"లోపలి లైటు బిగించడానికి నిన్న వెనక సీట్లో వెల్లకిలా పడుకున్నాను. ఏ కార్లో అయినా అలా పడుకుంటే కప్పు తప్ప ఇంకేం కనపడదు. ఇందులో రోడ్డు కనపడింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆవలించడం కూడా కనపడింది. వెనక కిటికీ అంచు కిందికి దించారు మీరు. ఎవరి కోసం?"

ఆమె ఆఫీసులో అందరికీ అది స్టైలింగ్ అనే చెప్పింది. ఎవరి కోసం అని ఎవరూ అడగలేదు.

"మా అమ్మ" అంది. "ఆసుపత్రికి తిప్పుతున్నప్పుడు వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. బయట ఏమీ కనపడేది కాదు తనకి. 'ఎక్కడిదాకా వచ్చామే' అని అడుగుతుండేది. బేకరీ దాటాం, బడి దాటాం అని నేను చెబుతుండేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు అడగలేదు."

అతను అయ్యో పాపం అనలేదు. టీ గ్లాసు పక్కన పెట్టేసి, ఆమె కళ్లు తుడుచుకోవడం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. దాచడమెందుకు, ఆమె మనసు అతని మీదికి పోయింది ఆ పూటే.

కారుని లారీ ఎక్కించే రోజున వాన పట్టుకుంది. ఉన్నది ఒక్కటే గొడుగు.

"మీకు పట్టాలా, కారుకి పట్టాలా?" అన్నాడతను.

"కారుకే. అదేం ప్రశ్న?"

"కారు తడిస్తే తుడవడానికి నా దగ్గర గుడ్డ ఉంది. మీరు తడిస్తే లేదు" అంటూ గొడుగు ఆమె మీదే పట్టాడు. తను మాత్రం తడిసి ముద్దైపోయాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి అతను లారీ తాళ్లు తప్పుగా కట్టి, మళ్లీ విప్పి కట్టవలసి వచ్చింది.

ఇంత ముచ్చటగా సాగుతున్నదాన్ని చెడగొట్టింది ఆమె నోరే.

రేపు ప్రదర్శన అనగా, హాల్లో దీపాల కింద కారు నిలబెట్టారు. ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఎవరు దగ్గరికొచ్చినా కసురుకుంటోంది. ఆ సమయంలో అతను జాకీ దొర్లించుకుంటూ వచ్చాడు.

"ఏమిటది?"

"కింద ఒక చిన్న పని మిగిలింది మేడం. స్ప్రింగుల దగ్గర..."

"ఇప్పుడు జాకీ పెట్టి లేపుతారా? ఎక్కడైనా గీరుకుంటే?"

"గీరుకోదండి. స్ప్రింగుల మధ్య..."

"స్ప్రింగులు ఎవరికి కనపడతాయి? ఇంక దీనిమీద ఎవరి చెయ్యీ పడకూడదు. మీరు తుడిచేవాళ్లు, తుడవడం అయిపోయింది. వెళ్లండి."

తోటివాళ్లందరూ వింటున్నారు. అతని మొహం నల్లబడిపోయింది. ఇంకొక్కసారి చెప్పి చూడవచ్చు. చెప్పలేదు. జాకీ దొర్లించుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మర్నాడు జనం విరగబడ్డారు. ఆమె ఒక మూల నిలబడి చెవులు రిక్కించి వింది.

"మొహం బాగానే ఉందిగానీ, ఎక్కడో ఏదో తేడాగా ఉందోయ్" అన్నాడొకాయన.

"వెనక తలుపు బాగా తెరుచుకుంటోంది" అంది ఒక ఇల్లాలు, "కానీ ఇంత ఎత్తైతే అత్తయ్యను ఎక్కించాలంటే స్టూలు వెయ్యాలి."

"ఎత్తు మంచిదేలే, గుంతలున్నాయిగా" అని సర్దిచెప్పాడు ఆవిడ మొగుడు.

"పాతదే నయం. చూస్తే కారు అనిపించేది."

అంతలో ఒక కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసి, "ప్యాంటు పైకి మడుచుకుని నీళ్లలోకి దిగబోతున్నట్టుందిరా" అన్నాడు. ఇంకేముంది, హాలంతా గొల్లుమంది. సాయంత్రానికి ఆ మాట ఫోన్లలోకి ఎక్కింది. ప్యాంటు మడిచిన కారు చూశావా అని అడిగేవాళ్లే అందరూ.

ఆమె నాన్న కూడా వచ్చాడు చూడ్డానికి. బట్టలు కుట్టే మనిషి, అబద్ధం ఆడలేడు. చుట్టూ తిరిగి చూసి, "నాకూ అలాగే కనపడుతోందమ్మా" అన్నాడు చిన్నగా. "గుడ్డ మంచిది, కుట్టు మంచిది. నిలబడ్డ తీరే బాగాలేదు."

డిజైన్ విభాగాన్ని నడిపే పెద్దసారు వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు. "చక్రాల మీది వంపు, ఆ వెనక కిటికీ, అన్నీ మళ్లీ గీయించాల్సి వస్తుందేమో. రేపు చూద్దాం."

జనం పోయాక ఆమె చక్రం పక్కన నేలమీద చతికిలబడింది. టైరుకీ దాని మీది అంచుకీ మధ్య వేళ్లు పెట్టి చూసింది. రెండు వేళ్లు పట్టేలా గీసిన చోట నాలుగు వేళ్లు దూరిపోయాయి. టార్చి వేసి స్ప్రింగుల మధ్యకి చూసింది. రబ్బరు దిమ్మలు అక్కడే ఉన్నాయి. లారీ మీద వచ్చేటప్పుడు బండి ఊగకుండా పెట్టే దిమ్మలవి. దింపాక తీసెయ్యాలి. తియ్యకపోతే బండి ఒళ్లు బిగబట్టి ఎత్తుగా నిలబడుతుంది.

ఇంత నిర్లక్ష్యమా అని ముందు అతని మీద ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే జాకీ, స్ప్రింగుల దగ్గర అంటూ అతను మింగేసిన మాటా కళ్ల ముందుకొచ్చాయి. ఒంట్లో ఉన్న వేడంతా చల్లారిపోయింది.

పొద్దున్నే పెద్దసారుకి చెబుదామని హాలుకి పరుగెత్తింది. కారు అప్పటికే కిందికి దిగి, నేలని పట్టుకుని, ఆమె గీసినట్టే నిలబడి ఉంది. చుట్టూ జనం. ఒక ముసలాయన వెనక సీట్లో కూర్చుని, "లోపలినుంచి అంతా ఎంత బాగా కనపడుతోందో" అంటున్నాడు.

పెద్దసారు ఎదురొచ్చి భుజం తట్టాడు. "తెలిసిందా? వర్క్‌షాపు వాడొకడు దిమ్మలు తియ్యడం మర్చిపోయాడట. నవ్వులపాలయ్యాం. తెల్లారగానే తనే వచ్చి ఒప్పుకుని, తీసేసి పోయాడు. పంపించేశాను వాణ్ని. నీ కారుకేం ఢోకా లేదు. తర్వాతి కారు కూడా నీదే."

మర్చిపోయాడట. ఆమె నోరు తెరిచింది. ఫొటోల వాళ్లు వచ్చారు, ఇటు చూడండి మేడం అన్నారు. చూసింది. నవ్వమన్నారు, నవ్వింది. ఆ పూటంతా ఎవరు పొగిడినా మొహం మాడ్చుకోకుండా నిలబడటమే గగనమైపోయింది.

ఇంటికెళ్లి నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన మిషన్ తొక్కడం ఆపి విన్నాడు.

"ఆ అబ్బాయి నీ మాట ఎందుకు బయటపెట్టలేదు?"

"తెలీదు నాన్నా."

"తెలుసులే నీకు" అన్నాడాయన. "నీకు తెలియనిదల్లా రేపు నువ్వేం చేస్తావన్నదే. అది నేను చెప్పేది కాదు. రా, అన్నం తిందువుగాని."

ఆమెకి ముద్ద దిగలేదు. చెబితే తర్వాతి కారు పోతుంది. చెప్పకపోతే పనిలో ఒక్కనాడు కూడా మర్చిపోవడమన్నది ఎరగని మనిషి ఎప్పటికీ మర్చిపోయేవాడిగా మిగిలిపోతాడు. అమ్మ కోసం గీసిన కిటికీ అతని పరువు మీద నిలబడుతుంది. ఆ ఊహకే ఏడుపొచ్చింది.

మర్నాడు మీటింగులో అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది.

"దిమ్మలు అతను మర్చిపోలేదండి. తియ్యడానికే వచ్చాడు. నేనే చెయ్యి వెయ్యనివ్వలేదు. చెప్పబోతే విననూ లేదు. తుడిచేవాడివి అని నలుగురిలో అవమానించి పంపించాను."

పెద్దసారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"కథ సుఖంగా ముగిసిపోయింది కదా. ఇప్పుడు చెప్పకపోతే ఏం పోయేది?"

"అతని ఉద్యోగం పోయింది కదండీ."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "వాణ్ని వచ్చి పనిలో చేరమను. తర్వాతి కారు మాత్రం నీకివ్వను. పనివాడి మాట వినడం నేర్చుకునేదాకా ఇంకొకరి కింద పనిచెయ్యి."

"సరేనండి" అంది. ఆ మాట అనేసరికి గుండె తేలికపడిందంటే నమ్మండి.

అతను మేనమామ షెడ్డులో ఉన్నాడని వర్క్‌షాపులో చెప్పారు. నాన్నని వెంటపెట్టుకుని వెళ్లింది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయి, "మీరు మాట్లాడుకోండి, నేను గాలి పీల్చుకుంటా" అన్నాడు. షెడ్డులో ఒక బండి కిందనుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి.

"బయటికి రండి" అంది.

కాళ్లు కదల్లేదు. "మేడం, మీరా? పని మధ్యలో ఉన్నానండి."

"అయితే అక్కడినుంచే వినండి. మీటింగులో నిజం చెప్పేశాను. పెద్దసారు మిమ్మల్ని రమ్మన్నారు."

స్పానరు చప్పుడు ఆగిపోయింది. "ఎందుకు చెప్పారు? ఇప్పుడు మీ కారు..."

"ఇంకొకరికి ఇస్తారు. మీరెందుకు అబద్ధం చెప్పారు?"

"పూర్తి అబద్ధం కాదండి. మీరు వద్దన్నారు, నిజమే. కానీ నేను కోపంతో ఊరుకున్నాను. అనుభవించనీ అనుకున్నాను. తర్వాత ఆ కుర్రాళ్లు నవ్వుతుంటే చూశాను. నవ్వేది మీ అమ్మగారి కిటికీ మీదే అనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు."

ఆమె అక్కడే నూనె మరకల నేలమీద కూర్చుండిపోయింది.

"అంత మాట అనకుండా ఉండాల్సింది నేను. నన్ను క్షమించు. ఆ కిటికీ ఎవరి కోసమని అడిగినవాడివి నువ్వొక్కడివే. నువ్వంటే నాకిష్టం. చాలా రోజులుగా ఇష్టం. ఇది చెప్పడానికే వచ్చాను, ఉద్యోగం సంగతి ఫోన్లో కూడా చెప్పొచ్చు."

కాసేపటికి కాళ్లు కదిలాయి. అతను బయటికి జారి లేచి కూర్చున్నాడు. మొహమంతా మసి, ఆ మసిలో కన్నీళ్ల చారలు. "నాకూ అంతేనండి" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాలేదు. సైలెన్సర్ కదా మరి.

ఎవరితో వచ్చారని అడిగి, గేటు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి గతుక్కుమన్నాడు. చేతులు తుడుచుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానండి. మా వాళ్లతో కూడా మాట్లాడిస్తాను. మీరు ఏమడిగినా చెబుతాను."

నాన్న అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "నిన్న సాయంత్రం నుంచి ఇది అన్నం తినలేదు బాబూ. నేను బతిమాలితే వినలేదు. ముందు ఆ సంగతి చూడు. పెళ్లి మాటలు తర్వాత మాట్లాడుకుందాం."

షెడ్డు చివర బల్లమీద అతని క్యారియర్ ఉంది. గబగబా విప్పి, ఉన్నది మూడు వాటాలు వేశాడు. మరీ కొంచెమైపోయిందని మొహమాటపడ్డాడు. నాన్న ఫర్వాలేదని కూర్చున్నాడు. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అతను తన వాటా ముట్టుకోలేదు.