మింగిన మాటకు గుర్తు

2005లో అబుదాబి పక్కన ముసఫ్ఫాలో వీసా ఫారాలు నింపే టైపింగ్ సెంటర్ తెరిచేనాటికి తబ్రేజ్ చేతిలో ఉన్నవి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఎవరితోనైనా బేరం కుదుర్చుకోగల నోరు. ఆ నోరు ఫైజా ముందు మాత్రం పెగిలేది కాదు. పక్క టైలర్ ఖాదర్ హుస్సేన్ కూతురామె, తబ్రేజ్ దగ్గరే టైపిస్టు. పైగా మాటకొకసారి "తబ్రేజ్ భాయ్" అనేది.

అలా ఏడాది గడిచింది. ఈ శుక్రవారం ఆమెను చూడటానికి కల్బా అనే ఊరి నుంచి పెళ్ళివారొస్తున్నారు. ఇవాళ బుధవారం.

ఇటలీలోని నేపుల్స్ నుంచి వచ్చిన వంటవాడు జెన్నారో కాగితం ఊపుకుంటూ వచ్చిపడ్డాడు. కొత్త హోటల్ మెనూ, వాళ్ళ ఊరి భాషలోనే, వెబ్‌సైట్లో పెట్టమని ఇచ్చి వెళ్ళాడు మొన్న.

"నా అపాస్ట్రఫీలు ఏవి?" ఇంగ్లీషులో అరిచాడు. "మేం మాటలో సగం మింగేస్తాం. మింగినచోట పైన ఆ చిన్న గీత పెడతాం. అవి లేకపోతే మా అమ్మ కూడా చదవలేదు!"

ఫైజా కళ్ళెత్తింది. "ఏం చేశారు భాయ్?"

"వీసా ఫారంలో పేరు పక్కన చుక్క, గీత ఉంటే వెనక్కొస్తుంది కదా. అలవాటు కొద్దీ అన్నీ ఊడ్చేశా."

"వంకాయ కూరక్కూడా వీసా కొట్టిస్తున్నారా?"

జెన్నారోకి సులేమానీ చాయ్ ఇచ్చి ఇద్దరూ పనిలో పడ్డారు. కీబోర్డు అరబిక్‌లో ఉండిపోయి, ఆ మీట నొక్కితే ‘ط’ పడింది. ఇంగ్లీషుకి మార్చి వర్డ్‌లో కొడితే గీత దానంతటదే వంకర తిరిగి, వెబ్‌సైట్లోకి వెళ్ళగానే ప్రశ్నార్థకమైంది. మెనూ నిండా వంటలకన్నా సందేహాలే ఎక్కువ. చివరికి ఫైజా నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కొక్కటీ నిటారుగా కొట్టింది. తబ్రేజ్ కాగితం మీద వేలుపెట్టి చూపిస్తూ కూర్చున్నాడు. మూడు గంటలు. అంతసేపు ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు.

జెన్నారో తెర చూసి, తబ్రేజ్ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, "నా హోటల్లో ఒక బల్ల ఎప్పుడూ నీదే!" అని వెళ్ళిపోయాడు. ఫైజా పగలబడి నవ్వింది. అంతలోనే నవ్వాపింది.

"వాళ్ళు సగం మాట మింగినా గీతైనా పెడతారు భాయ్. మీరు ఏడాదిగా మొత్తం మింగేస్తున్నారు. ఆనవాలైనా లేదు."

తబ్రేజ్ చెవులు ఎర్రబడ్డాయి. "నీకు... తెలుసా?"

"నాకు తెలిస్తే ఏం లాభం? అబ్బాకి తెలియాలి. యల్లా, కదలండి!"

పక్క కొట్లో ఖాదర్ హుస్సేన్ గుడ్డ కత్తిరిస్తున్నాడు. తబ్రేజ్ ఒక్క అక్షరం మింగకుండా చెప్పాడు. "చాచా, ఫైజాని నాకిచ్చి నిఖా చేయండి. అమ్మీ చేత ఇవాళే ఫోన్ చేయిస్తా."

కత్తెర ఆగింది. గుమ్మంలో దుపట్టా చాటున నవ్వుతున్న కూతుర్ని చూశాడాయన.

"ఇన్నాళ్ళూ ఏం చేశావురా? కల్బా వాళ్ళ పిల్లోడి షేర్వానీ కొలతలు కూడా అడిగానే!" విసుక్కుంటూనే ఫోన్ అందుకున్నాడు. "సరే, ఆ సంబంధం ఖలాస్. నీ కొలతలు నా దగ్గరే ఉన్నాయిలే."

"తబ్రేజ్, షాపు తాళం వేశారా?" గుమ్మంలోంచి అడిగింది ఫైజా.

ఆ బుధవారం అతనికి దక్కినవి ఫైజా, ఓ మామ, జెన్నారో హోటల్లో ఎప్పుడెళ్ళినా ఒక బల్ల. పోయింది ఒక్క ‘భాయ్’.